పంతులుగారిని వెంటబెట్టుకుని కరెంటు పెట్టించడానికి

ఆసుపత్రికి పురోహితుణ్ణి తీసుకెళ్తారా ఎవరైనా అని మా బజారంతా నవ్వింది. నవ్వితే నవ్వారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా అత్తయ్యకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక బెజవాడలో రేడియేషన్ మొదలైంది. మావైపు కరెంటు పెట్టడం అంటారు. ఎక్కడ పెట్టాలో ఛాతీ మీద సిరాతో గీతలు గీసి, నీళ్ళు తగలనివ్వొద్దన్నారు. శుక్రవారం రాగానే అత్తయ్య నలుగు పెట్టుకుని, తలారా స్నానం చేసి, గీతలన్నీ నున్నగా తోమేసింది. జగ్గయ్యపేటలో మాలాంటి కిరాణాకొట్టు వాళ్ళింట్లో శుక్రవారం తలంటుకోకుండా అమ్మవారికి దీపం పెట్టడమా! డాక్టరుగారు కేకలేశారు. కొలతలన్నీ మళ్ళీ మొదటికొచ్చాయి. "స్నానం లేని బతుకు నాకెందుకే? ఇంక నేను రాను" అని అత్తయ్య భీష్మించుకుంది. మానేస్తే జబ్బు తిరగబెడుతుందని నాకు ఒకటే దడ.

ఆసుపత్రి నర్సు సుశీలమ్మగారు ఫోన్లో అడిగింది, "మీ అత్తగారు ఎవరి మాట వింటారండి?" నందిగామ పంతులుగారి మాట అన్నాను. "అయితే ఆయన్నే తీసుకురండి. మేమూ నేర్చుకుంటాం" అంది. ఆ మాటకి ఆమెకి జన్మంతా రుణపడి ఉంటాను.

పొద్దున ఆరింటికి జగ్గయ్యపేట బస్టాండులో బెజవాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. టికెట్ ముప్పై చిల్లర. పంతులుగారు వస్తారంటేనే అత్తయ్య గడప దాటింది. ముప్పావుగంటలో నందిగామ వచ్చింది, ఆయన చేతిసంచితో ఎక్కారు. "ఎక్కడండీ పెళ్ళి?" అన్నాడు కండక్టరు. "పెళ్ళి కాదయ్యా, స్నానం గొడవ" అన్నారాయన. బస్సంతా నవ్వింది, అత్తయ్య తప్ప.

ఎనిమిదిన్నరకల్లా ఆసుపత్రిలో ఉన్నాం. మా బెంచీ మీదే చందర్లపాడు నుంచి వచ్చిన నూర్జహాన్ గారు కూర్చుని ఉంది. ఆమెకీ అవే గీతలు. సంగతి విని, "మాకూ నమాజుకి ముందు కడుక్కోవడానికి ఇదే చిక్కొచ్చిందమ్మా" అని అత్తయ్యతో అంది. "నీళ్ళు పనికిరాని జబ్బయితే శుభ్రమైన మట్టి మీద చేతులానించి, మొహమూ చేతులూ తుడుచుకుంటే చాలని మా పెద్దలు చెప్పారు. మన కష్టం దేవుడికి తెలీదా ఏంటి?"

పంతులుగారు శ్రద్ధగా విని, "మనకీ ఉందమ్మా, ఆతుర స్నానం" అన్నారు. "రోగి బదులు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు పదిసార్లు స్నానం చేసి, చేసినప్పుడల్లా రోగిని ముట్టుకోవాలి. అంతటితో రోగికి శుద్ధి."

పక్కనే నిలబడి వింటున్న సుశీలమ్మగారు పుస్తకంలో రాసుకుంటూ, "చేతులు తుడుచుకుని, పాదాలు మాత్రమే ముట్టుకుంటే చెల్లుతుందాండీ?" అని అడిగింది. "పాదాలైతే మరీ మంచిది" అన్నారాయన. "పదిసార్లు ఎవరు మునుగుతారండీ?" అని గొణిగింది అత్తయ్య. "నేను చేస్తా" అన్నాను. అత్తయ్య లేచి, గీతలు గీయించుకోవడానికి లోపలికి నడిచింది.

ఆ తర్వాతి శుక్రవారం తెల్లవారుతూనే స్నానాలు మొదలుపెట్టాను. మడిలో ఉంటే "దూరం, దూరం" అని నన్ను అదిలించే మనిషి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పదోసారి పాదాలు ముట్టుకోగానే తన పొడి చీర చెంగుతో నా తల తుడుస్తూ, "జలుబు చేస్తుందే పిచ్చిమొహమా" అంది. నాకు ఏడుపాగలేదు. గీతలు చెక్కుచెదరలేదు. ప్రతి శుక్రవారం ఇలాగే చేస్తూ కరెంటు మొత్తం పూర్తిచేశాం.

జబ్బుని నయం చేసింది డాక్టర్లే, కాదనను. కానీ ఆ కరెంటు పెట్టే మంచం దాకా అత్తయ్యని నడిపించడానికి ఒక నర్సూ, ఒక పంతులుగారూ, ముక్కూమొహం తెలియని ఒక చందర్లపాడు ఆవిడా కలవాల్సొచ్చింది. మీరూ ఎవరినైనా ఇలా తీసుకెళ్తుంటే, గీతలు గీసిన రోజే మీ ఇంటి స్నానాలూ పూజలూ సిగ్గుపడకుండా నర్సుకి చెప్పేయండి. అత్తయ్య ఇప్పుడు తన శుక్రవారం స్నానం తనే చేస్తోంది. మడి కట్టుకున్నాక నన్ను పిలిచి, ఒక్కసారి ముట్టుకోమంటుంది.