మిద్దె మీద ఆరేసిన ఖాకీ

నాకు మొదట భయం వేసింది విమానం మోత విన్నప్పుడు కాదు, ఆ మోత మారినప్పుడు. దూరంగా గుయ్యిమంటున్నది ఉన్నట్టుండి కీచుగా సాగి, మా మిద్దె మీదికే దిగుతున్నట్టయింది. ఈ సాయంత్రం బేగంపేటలో దిగే ప్రయాణికుల విమానమేదో మా రాంగోపాల్‌పేట్ మీదుగా కాస్త కిందుగా వెళ్ళేసరికి, కొన్నేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం మళ్ళీ నా చెవుల్లో మోగింది. పిల్లలు నిద్రపోయారు, నాకు మాత్రం నిద్ర రావడం లేదు.

పోలీసు చర్య రోజులవి. రజాకార్ల భయంతో నెలల తరబడి పొద్దుగూకకముందే గడియ పెట్టుకున్న మా ఇంటికి, యూనియన్ సైన్యం బయలుదేరిందన్న కబురే కొండంత ధైర్యం. మన విమానం వచ్చింది, చేతులు ఊపండని, నేనూ ఊపి చూపించి, పిల్లలిద్దరికీ నేర్పింది నేనే. కాలేజీలో చదువుకున్నానన్న మాటేగాని, విమానాలు ఆకాశంలో వాటిలో అవి పోట్లాడుకుంటాయనే నా ఊహ.

మా గోడనానుకున్న ఇల్లు ఒక దర్జీది. ఆయన భార్యను వాళ్ళ ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని. కుట్టాక గుడ్డ కురచ కాకుండా ముందే నానబెట్టి ఆరేయడం వాళ్ళ పద్ధతి. ఆ రోజు వాన తెరిపివ్వగానే, బడిపిల్లల నిక్కర్లకు తెచ్చిన ఖాకీ తానులు వాళ్ళ మిద్దె చాలక మా మిద్దె మీద కూడా పరిచి, మూలల్లో రాళ్ళు పెట్టాము.

"మీ విమానపోళ్ళొస్తే జెర పక్కకెల్లి పొమ్మను, నా గుడ్డ మీద నీడ పడితే ఆరది" అని ఆపా నవ్వింది.

కాసేపటికే విమానం వచ్చింది. ఒకసారి దాటిపోయి, తిరిగి వచ్చి, ముక్కు కిందికి వంచింది. నేను మెట్లెక్కేసరికి నా పిల్లలు, ఆపా కూతురు ఖాకీ మధ్యలో నిలబడి చేతులు ఊపుతున్నారు. అటునుంచి ఆపా, ఇటునుంచి నేను పరుగెత్తి చేతికందిన వాళ్ళను లాక్కున్నాము. కిందికి దిగి చూసుకుంటే నా చంకలో ఆపా కూతురు, నా చేతిలో మా పెద్దవాడు. మా చిన్నది ఆపా కొంగులో ఉంది. విమానం కాల్చలేదు. ఇల్లంతా అదిరేలా మా మీదుగా లేచి మౌలాలి వైపు వెళ్ళిపోయింది.

పెద్ద యుద్ధంలో బర్మాలో విమానాల మరమ్మతు చేసి వచ్చిన మా అన్నయ్య సాయంత్రం పద్మారావు నగర్ నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. జరిగింది విని, మిద్దె మీద ఇంకా పరిచే ఉన్న ఖాకీని చూసి ముందు దాన్ని తీసేయమన్నాడు.

"గా విమానం నేల మీదున్నదాన్ని కొట్టనీకె చేసింది చెల్లె. రెక్కలల్ల తుపాకులు, రెక్కల కింద బాంబులు. దూకి మళ్ళ లేవాలెనని ముందల గంత పెద్ద ఇంజను. గంత స్పీడుల నడిపేటాయనకు మీ నిక్కరు గుడ్డ కనబడతదా? నిజాం ఫౌజు డేరాలు కనబడతయి."

"పిల్లలు చేతులు ఊపుతుంటే చూడలేదా?"

"మనుషులున్నరని చూస్తడు. ఎవలో ఎట్ల తెలుస్తది?"

అది మనదే. మన కోసమే వచ్చింది. అయినా ఏ మిద్దె ఎవరిదో, ఎవరు దానికోసం ఎదురుచూశారో, ఎవరు దాన్ని చూసి వణికారో దానికి తెలియదు. గోడ అవతల ఆపా తడి ఆరని తానులను చుట్టుకుంటోంది.

ఇప్పుడు ఆ మిద్దె మీద మళ్ళీ గుడ్డలు ఆరుతుంటాయి, పగలంతా పిల్లలు విమానాలను లెక్కపెట్టుకుంటుంటారు. నేను మాత్రం మోత మారుతుందేమోనని ఇప్పటికీ చెవి పెట్టే వింటాను, ఒకప్పుడు నేనూ చెయ్యి ఊపిన సంగతి నాకే నమ్మబుద్ధి కాదు.

ఆ విమానం వచ్చిపోయిన మరునాడు పొద్దున పిల్లలను ముందు కూర్చోబెట్టుకుని చెప్పాను: "మనదైనా, ఎవరిదైనా, మోత వినబడితే చెయ్యి ఊపొద్దు. మెట్ల కిందికి ఉరకాలి. ఆపా బిడ్డను వదిలేసి మాత్రం రావద్దు."