అట్టముక్క మీద మూడు గీతలు

రెండు వేల ఇరవై మూడు, వానాకాలం. అనకాపల్లిలో నేను ఆయాగా పనిచేసే ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు. ఆసుపత్రి పేరు వద్దులెండి. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది.

కిటికీ వైపు నాలుగు మంచాలను మేం పచ్చకళ్ళ మంచాలంటాం. లివర్ చెడిపోయినవాళ్ళు అక్కడ పడుకుంటారు. కాళ్ళూ చేతులూ పుల్లలు, కడుపు మాత్రం నీళ్ళ కుండ. ఆ నీటిని సూదితో తీస్తే ట్యాపింగ్ అంటారు. పన్నెండేళ్ళ కిందట తాగి తాగి మా ఆయన పోయింది కూడా అలాంటి మంచం మీదే.

డాక్టరు చదువయ్యాక ఇంకా పెద్ద చదువు చదివేవాళ్ళు పీజీలు. విశాఖ నుంచి వచ్చి మూడేసి నెలలు మా దగ్గర పనిచేస్తారు. టీ పట్టుకెళితే మనం గదిలో లేనట్టే మాట్లాడుకుంటారు. తర్వాత ఏ కోర్సుకి వెళ్ళాలన్నదే ఎప్పుడూ గొడవ.

“గుండె తీసుకో లావణ్యా. స్టెంట్ వేస్తే మూడో రోజుకి నడిచెళ్ళిపోతాడు, దణ్ణం పెడతాడు. లివరైతే ఏముంది? నీళ్ళు తీస్తావు, పంపిస్తావు, తాగొస్తాడు, మళ్ళీ తీస్తావు,” అన్నాడొక అబ్బాయి.

“తాగనివాళ్ళూ ఉన్నారుగా. ఎవరూ వెళ్ళట్లేదనే నేను వెళ్తానంటున్నా,” అంది లావణ్య డాక్టరమ్మ.

ఆ మాట నాకు నచ్చింది. మా ఆయన మంచం దగ్గర ఏ డాక్టరూ నిమిషం మించి నిలబడలేదు మరి.

ఆ వారమే రాజయ్యపేట నుంచి నూకరాజు వచ్చాడు. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. నలభై ఉంటాయేమో. వచ్చిన ప్రతి డాక్టరూ ముందడిగేది ఒకటే, ఎంత తాగేవాడివని. ఆయన భార్య పోలమ్మకి ఒళ్ళు మండేది.

“మా మావ సుక్క ముట్టడు బాబూ. ఎన్నిసార్లు సెప్పాల?”

లావణ్య మాత్రం ఆ మాట అడగలేదు. రక్తం పరీక్ష చేయించి, ఎప్పుడో పట్టిన కామెర్ల వైరస్ లివర్ని రాయి చేసేసిందని చెప్పింది. ఆ రోజు నుంచి పోలమ్మకి ఆవిడ దేవత.

నూకరాజుకి లాక్టులోజ్ అని పానకంలాంటి సిరప్ రాసింది. మంచానికి ఒక అట్టముక్క కట్టి నాకు పెన్సిలిచ్చింది. “సన్యాసమ్మా, రోజుకి ఎన్నిసార్లు మోషన్ అయితే అన్ని గీతలు పెట్టు. నేను పొద్దున్నే చూసేది అదే,” అంది. ఎందుకని నేనడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఆ ఆదివారం ముసురు. ఉతికిన దుప్పట్లు ఆరలేదు. వార్డుకి నేనొక్కదాన్నే ఆయాని. మధ్యాహ్నానికి నూకరాజు ఐదోసారి మంచం పాడుచేసుకున్నాడు. గోడవైపు తిరిగి ఏడ్చాడు.

“నన్ను అట్టుకెళ్ళి సంద్రంలో ఇసిరీయండే.”

“ఊరుకో మావా. నీ కంపుకి సేపలన్నీ పారిపోతాయి. రేపు ఊరోళ్ళు ఏటి తింటారు?” అంది పోలమ్మ. ఏడుస్తూనే నవ్వాడాయన. ఆమె తన చీర చింపి కింద పరిచింది.

చూడలేకపోయాను. నడుము కూడా విరిగిపోతోంది, ఆ మాటా దాచను.

“ఒలే పోలమ్మా, ఆ సిరప్పు రెండ్రోజులు ఆపీయే. కడుపు కట్టీసుకుంటాది.”

“డాక్టరమ్మ తిట్టదా అప్పా?” మా వైపు అక్కని అప్పా అంటాం.

“నాను సూసుకుంటాను గదే.”

చూసుకున్నాను. సోమవారం ఒక్కసారి కూడా అవ్వలేదు. అట్టముక్క మీద మూడు గీతలు పెట్టాను.

మంగళవారం పొద్దున్న నూకరాజు పెళ్ళాన్ని చూసి, “ఎవులే నువ్వు? వల లాగీసినారా?” అన్నాడు. లావణ్య ఆయన చేతులు చాపించి చూసింది. గట్టున పడ్డ చేపల్లా కొట్టుకున్నాయి. ఆవిడ అట్టముక్క చూసింది.

“మూడుసార్లు అయింది, మందు పనిచేస్తోంది. మరి ఎందుకిలా?”

రోజంతా ఇంకో కారణం కోసం వెతికింది. రక్తం తీసింది, కడుపులో నీళ్ళు తీసి పరీక్షకి పంపింది, ఇంజెక్షన్లు మార్చింది. అన్నం తినలేదు. నేను తుడిచిన చోటే తుడుస్తూ నోరు మూసుకున్నాను.

బుధవారం ఆయన లేపినా లేవలేదు. అప్పుడు డాక్టరమ్మని దుప్పట్ల గదిలోకి పిలిచాను.

“అమ్మా, ఆ గీతలు అబద్దం. సిరప్పు నానే ఆపించీసినాను.”

ఆవిడ వార్డులోకి పరుగెత్తింది. ఎనిమా ఇచ్చారు. గురువారం నూకరాజు కళ్ళు తెరిచి, “బువ్వ తిన్నావేటే?” అని పోలమ్మని అడిగాడు. అదే ఆఖరు మాట. శుక్రవారం కిడ్నీలు ఆగిపోయి మనిషి పోయాడు.

పెద్ద డాక్టరు అందరి ముందూ లావణ్యని నిలబెట్టాడు. “మోషన్ అయిందో లేదో తెలుసుకోలేనిదానివి, నువ్వా లివర్ డాక్టరువి?” ఆవిడ తల వంచుకుంది కానీ నా పేరు చెప్పలేదు.

పోలమ్మ వెళుతూ నా రెండు చేతులూ పట్టుకుంది. “ఈ సేతుల్తో ఎంత సేసినావప్పా మా మావకి.” సిరప్ ఆపమన్నది నేనేనని ఆమెకు తెలుసు. ఆపితే ఏమైందో తెలియదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మూడు నెలలూ అయ్యాక లావణ్య వెళ్ళిపోతూ నా దగ్గరికి వచ్చింది.

“లివరేనా అమ్మా?” అన్నాను.

“లేదు సన్యాసమ్మా. షుగరు జబ్బుల కోర్సుకి వెళ్తాను.”

“నా వల్లే గదమ్మా.”

“నీ ఒక్కదాని వల్ల కాదు. సిరప్ ఇస్తే ఇన్నిసార్లు అవుతుందని పోలమ్మకి చెప్పాను. ఎందుకు అవ్వాలో ఇద్దరికీ చెప్పలేదు. లివర్ వడకట్టలేని విషం తలకెక్కకుండా అలాగే బయటికి పోవాలి. దుప్పట్లు మార్చేది నువ్వు, ముందు చెప్పాల్సింది నీకే. ఈ జబ్బులో నేనొక్కదాన్నే బాగా చేస్తే సరిపోదు. అందరి చేతులూ సరిగ్గా ఉండాలి. నాకు అంత గుండె లేదు.”

ఆవిడ వెళ్ళాక గదిలో దుప్పట్లు మడతపెడుతుంటే ఆ పాత మంచం గుర్తొచ్చింది. మా ఆయనకి కూడా అదే తియ్యటి సిరప్ ఇచ్చారు. విరోచనాలకి మనిషి నీరసపడిపోతున్నాడని నేనే ఆపేశాను. తర్వాత రెండు రోజులకి నన్ను గుర్తుపట్టలేదు. తాగుడే తీసుకుపోయిందని పన్నెండేళ్ళు ఆయన్ని తిట్టుకుంటూ బతికాను. ఇది డాక్టరమ్మకి చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను.

పచ్చకళ్ళ మంచానికి కొత్తగా ఎవరొచ్చినా నేనిప్పుడు ముందు ఇంటావిడ పక్కన కూర్చుంటాను. “ఎన్ని దుప్పట్లైనా నాను మారుత్తాను. సిరప్పు మాత్రం ఆపకే,” అంటాను. అట్టముక్క ఇప్పటికీ కడుతున్నాం. అవ్వని రోజు దాన్ని ఖాళీగానే ఉంచుతాను. ఉంచి, డాక్టరు వచ్చేదాకా కూర్చోకుండా నేనే వెళ్ళి పిలుచుకొస్తాను.