చీమల పడుగు, వెలగపండు పానకం

మా అత్తగారు పోయారు. కబురు తెచ్చిన మనిషి ఆవిడ వీధిలోనే మగ్గం నేసేవాడు. గుడియాత్తం నుంచి పొద్దుటి రైల్లో కాట్పాడికి వచ్చి, అక్కడి నుంచి వేలూరు దాకా ఎండలో నడిచి మా గుమ్మంలో నిలబడ్డాడు. చెంబెడు నీళ్లు గటగటా తాగి, "అమ్మా, మీ అత్త పోయినాదమ్మా. అదే, చీమల పడుగవ్వ," అన్నాడు. అంటూనే అలవాటు కొద్దీ నవ్వబోయి ఆపుకున్నాడు. చావు కబురు చెప్పడానికి కూడా ఆ వెక్కిరింపు పేరే కావలసి వచ్చింది వాడికి.

ఆ పేరు ఆవిడది కాదు, నాది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. తెలుగు తప్ప ఇంట్లో మరో మాట ఎరుగని ఆ వీధిలో బడి చదువంతా అరవమే కాబట్టి తెలుగు అక్షరం గుర్తుపట్టేవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లు ఎలాగూ చదవరు. మీరైనా చదవండి.

పోయినవాళ్లందరూ వెన్నలాంటివాళ్లే అనడం లోకమర్యాద. మా అత్తగారి విషయంలో అలా అంటే ఆవిడే లేచి వచ్చి తిడుతుంది. ఆవిడకు మనుషులంటే లెక్క లేదు. వేలూరు నుంచి కాపురానికి వచ్చిన నన్ను చూసి ఆవిడ అన్న మొదటి మాట, "వేలూరోళ్లకు నాలిక యాడుండాది?" మా నాన్న ఆమెకు మర్యాద చేద్దామని పట్టుకెళ్లిన గోలీ సోడాలు చూసి మూతి మూడు వంకరలు తిప్పింది. "గాలి తాగి తేన్చేదానికి సీసా యాల?" అంది. రంగు సోడా సంగతైతే చెప్పనే అక్కర్లేదు. దాన్ని అద్దకం నీళ్లనేది.

ఎండాకాలం వస్తే మాత్రం ఆ చేతికి ఎదురులేదు. పచ్చిమామిడికాయను పొయ్యి బూడిదలో పూడ్చి, మెత్తబడ్డాక తోలు ఊడ్చి, బెల్లం, జీలకర్ర, చిటికెడు ఉప్పు వేసి పిసికి నీళ్లు పోసేది. నిమ్మకాయను నేను బలంకొద్దీ పిండుతుంటే చెయ్యి మీద ఒక్కటిచ్చి, "చాలు పాపా, దాని ప్రాణం తీస్తావా? చేదు దిగతాది," అనేది. వెలగపండును గడప మీద నుంచి కిందికి వదిలేది. ఎగిరితే పచ్చిది, పక్కన పెట్టేది. ఎగరకుండా పడ్డదాన్ని పగలగొట్టి, గుజ్జు బెల్లం నీళ్లలో పిసికి, పలచటి గుడ్డలో వడగట్టి, శొంఠీ ఏలకులూ వేసి, తడి ఇసకలో పాతిన కుండలో పోసి ఉంచేది. ఎవరైనా తాగి "చల్లగా ఉండాది" అన్నారా, అయిపోయారు. "చల్లగా ఉంటే సరిపోతాదా? బావిలో కప్ప కూడా చల్లగానే ఉంటాది. రుచి చెప్పు!"

ఆ పానకం ఊరికే తాగడానికి కాదు. మా వీధిలో పడుగుకు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులకు, గంజి పట్టించాలంటే పది పన్నెండు మంది చేతులు కావాలి. వీధి పొడవునా నూలు చాపి, వెలుగు రాకముందే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోగా గంజి రాసి కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఇవాళ వాళ్ల పడుగుకు మనం, రేపు మన పడుగుకు వాళ్లు. కూలి మాట లేదు. ఎవరి పడుగో వాళ్లింటి నుంచి చివర్లో తలా ఒక ముంత పానకం, అంతే మర్యాద.

నేను కాపురానికి వచ్చిన నాలుగో నెలలో మా ఇంటి పడుగు చాపారు. గంజి చిక్కబడిందని, పలచన చెయ్యమని మామగారు వీధిలోంచి ఇంట్లోకి కేకేశారు. మసక చీకట్లో పెరట్లో రెండు కుండలున్నాయి. ఒకదాంట్లో రాగి గంజి మీది తేట, ఒకదాంట్లో వెలగపండు పానకం. రెండూ ఒకే రంగు. నేను పానకం ఎత్తి గంజిలో పోశాను. వాళ్లు దాన్నే నూలుకు పట్టించారు. ఎండెక్కేసరికి పోగుకు పోగు అతుక్కుంది. ఇంకాసేపటికి పడుగును నిలబెట్టిన కర్రల మీదుగా చీమలు బారులు తీరి పడుగంతా పాకాయి. కడగబోతే పోగులు పుటుక్కున తెగాయి. ఒక ఇంటి పెళ్లి చీరలకని సిద్ధం చేసిన పడుగు అది.

"ఎవరు పోసినారు?" అని మామగారు అరిచారు. ఆయన కోపం అందరికీ తెలుసు. ఆ పూటే నన్ను వేలూరు బండెక్కించేవారు, మళ్లీ పిలిచేవారు కాదు.

"నేనే పోసినాను," అంది మా అత్తగారు, నా మొహం ఒకసారి చూసి. "కండ్లు కనపడక పోసినాను. ఏం, తలకాయ తీస్తావా?"

వీధి విరగబడి నవ్వింది. పానకంలో మొనగత్తె నూలుకు కూడా పానకం తాపిందని నవ్వారు. ఆవిడ దగ్గర తిట్లు తిన్న ప్రతివాడికీ ఆ రోజు పండగ. అప్పటి నుంచి ఆవిడ చీమల పడుగమ్మ, తర్వాత చీమల పడుగవ్వ.

పెరట్లో ఆవిడ కాళ్ల మీద పడబోయాను. వెనక్కి జరిగింది. "లెయ్. పడుగు పోతే పోయినాది. నాలిక మీద చుక్క వేసుకోకుండా కుండలోది పోసినావు చూడు, అదీ నీ తప్పు. ఇంకొకరికి చెప్పినావంటే నీకు నా చేతి పానకం లేదు, పో!"

ఆ మాటను అడ్డం పెట్టుకుని ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. ఆవిడ వద్దన్నది కాబట్టి చెప్పలేదని నాకు నేనే చెప్పుకున్నాను. అది శుద్ధ అబద్ధం. భయపడి చెప్పలేదు. మామగారు పోయాక కూడా, మేము వేలూరుకు మారాక కూడా చెప్పలేదు. ఆ వీధిలో నవ్వినవాళ్లంటే నాకు ఎంత అసహ్యమో, వాళ్లతోపాటు ఒక్కోసారి నవ్వుతూ పెదవి కదిపిన నేనంటే అంతకు రెట్టింపు.

పెద్దకర్మ రోజున గుడియాత్తంలో మా బావగారు, అంటే ఆవిడ పెద్దకొడుకు, గొప్పగా ఉంటుందని పెట్టెడు రంగు సోడాలు తెప్పించాడు. ఏ తల్లికి కర్మ చేస్తున్నాడో మరిచినట్టున్నాడు. నేను ఆవిడ కుండను తడి ఇసకలో పెట్టి వెలగపండు పానకం చేశాను. ముందు నాలిక మీద చుక్క వేసుకున్నాను. పంచుతుంటే కబురు తెచ్చిన ఆ మనిషే ముంత ఎత్తి, "చూసుకో తల్లీ, ఇది గంజి కాదు గదా?" అన్నాడు. పంక్తంతా నవ్వింది.

"ఆ పొద్దు పడుగులో పానకం పోసింది నేను," అన్నాను. "మా అత్త కాదు. నన్ను పంపించేస్తారని ఆమె నెత్తిన వేసుకుంది. ఇన్నేండ్లు మీరు నవ్వింది నన్ను."

అతను ముంత కింద పెట్టబోయి, పెట్టలేక, తల వంచుకుని తాగాడు. "బాగుండాదమ్మా," అన్నాడు చివరికి. చల్లగా ఉందని అనలేదు. ఆవిడ నేర్పిన భయం అంతవరకు మిగిలింది.

సాయంత్రం అందరూ వెళ్లాక చూస్తే, సోడా సీసాలు సగం సగం తాగి అరుగు మీద వదిలేసి ఉన్నాయి. కుండ ఖాళీ అయింది. దాని అంచు నుంచి చీమలు బారుగా దిగి, గడప దాటి, ఆవిడ కాళ్లు దించి కూర్చుని నేసిన మగ్గం గుంట వైపు పోతున్నాయి. చీపురు చేతిలో ఉంది కానీ ఊడవలేదు. పక్కకు జరిగి వాటికి దారి ఇచ్చాను.