ఒకే కారులో వచ్చేవాళ్ళు

ఆ ఆదివారం పొద్దున్న ఆంటీ ఫోన్ చేసి, "రేపు మీకు కారు రాదమ్మా" అన్నారు. అసలు సంగతి ఆ తర్వాతే చెప్పారు. రాత్రి నిద్రలోనే అంకుల్ పోయారు.

ఆయన మా టీమ్ లీడ్. దేశంకాని దేశంలో, సిటీకి దూరంగా ఓడరేవు ఉన్న రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీలో మాది హెచ్‌ఆర్ డేటా టీమ్. ఎవరు చేరారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అన్న లెక్కలు తీస్తాం. మానేసేవాళ్ళని కారణం అడిగే ఎగ్జిట్ ఇంటర్వ్యూల మీద ఆయనకి నమ్మకం లేదు. "అంతా గ్రాండ్, బాగుందనే చెబుతారమ్మా. వెళ్ళిపోయేవాడికి మనతో నిజం చెప్పాల్సిన అవసరమేంటి?" అనేవారు, మైక్రోవేవ్ దగ్గర క్యూ కట్టడం ఇష్టంలేక పులిహోర చల్లగానే తింటూ.

ఒక ఏడాది ప్యాకింగ్‌లోనూ ల్యాబ్‌లోనూ కొత్తవాళ్ళు నిలవలేదు. చార్టు నేనే గీశాను. వర్క్ పర్మిట్ మీద బయటి దేశాలనుంచి వచ్చినవాళ్ళే ముందు మానేస్తున్నారని అది స్పష్టంగా చెప్పింది. అది చూసి డైరెక్టర్ మనలా పర్మిట్ మీద వచ్చేవాళ్ళకి ఉద్యోగం ఆఫర్లు ఆపేశారు. చార్టులో తప్పు లేదు. నా భయమల్లా అదే.

అంకుల్ చాలాసేపు చూసి, "వీళ్ళు గుంపుగా మానేస్తున్నారు, గమనించావా? సెక్షన్లు వేరు, నెల ఒకటే. వీళ్ళలో ఒకళ్ళకి ఒకళ్ళతో ఏంటి సంబంధం?" అన్నారు.

"డేటాలో లేదు అంకుల్."

"లేదులే. పార్కింగ్‌కి పోదాం పద."

షిఫ్టు మారే వేళకి వానలో నిలబడ్డాం. ఒక్కో కారులోంచి నలుగురేసి దిగారు. ఇక్కడ లైసెన్సు రావడానికి నెలలు పడుతుంది. కొత్తవాళ్ళకి ఇన్సూరెన్స్ అందనంత ఖరీదు. పొద్దుటి షిఫ్టుకి బస్సు లేదు. కారున్న మనిషి వేరే ఉద్యోగం చూసుకుంటే వెనక సీటువాళ్ళకి దారి లేదు. డైరెక్టర్‌తో ఆయన ఒక్క మాటే అన్నారు: "మానేసింది వీళ్ళు కాదు, వీళ్ళ కారు."

ఆఫర్లు మళ్ళీ పంపారు. కంపెనీ వేస్తానన్న వ్యాన్ మాత్రం రాలేదు. అంకుల్ దాని గురించి పోట్లాడలేదు. తన కారు నింపుకోవడం మొదలుపెట్టారు. ముందు సీట్లో నేను, వెనక ల్యాబ్ అమ్మాయి, ప్యాకింగ్‌లో చేసే అతను. హారన్ కొట్టేవారు కాదు, ఫోన్ చేసేవారు కాదు. మా వీధి మలుపు దగ్గర ఇండికేటర్ వేసుకుని ఆగేవారు, అంతే. ఆదివారాలు ఫెర్రీ పోర్టు పక్కన నాకు డ్రైవింగ్ నేర్పారు. "నన్ను ఓడెక్కించకుండా ఆపావంటే పాసైనట్టే" అనేవారు. పాసయ్యాను. కారు కొనలేదు. ఆ ముందు సీటు సుఖంగా ఉండేది.

ఆయన పోయాక ముగ్గురం కలిసి పనికి టాక్సీలో వెళ్ళాం. ఎన్నాళ్ళని వెళ్తాం? "సిటీలోనే ఏదైనా చూసుకుంటున్నా అక్కా" అంది ల్యాబ్ అమ్మాయి. ఇక ముందు చార్టులో ఏం కనిపిస్తుందో నాకు తెలుసు. అంత్యక్రియల్లో రాని ఏడుపు అప్పుడొచ్చింది.

పాత కారొకటి కొన్నాను. కొత్త డ్రైవర్లకి పెట్టే ఎన్ ప్లేటు తగిలించి, సోమవారం అదే మలుపు దగ్గర ఇండికేటర్ వేసుకుని ఆగాను. ఇద్దరూ వచ్చారు. ఇద్దరూ వెనక తలుపే తీశారు.

కాస్త దూరం వెళ్ళాక, "రేపూ ఇదే టైమా అక్కా?" అని ల్యాబ్ అమ్మాయి అడిగింది. ఊఁ అన్నాను. రింగాస్కిడీ దాకా నా పాత సీటు నా పక్కనే ఖాళీగా వచ్చింది.