నేలకు పోసే మందు

మొన్న బ్యాంకులో నేను లైన్లో ఉండగా పనామె నేల తుడుస్తుంటే ఫినాయిలు వాసన గుప్పుమంది. పక్కావిడ ముక్కు మూసుకుంది. నాకు మాత్రం మా బాపు డ్యూటీ దిగి ఇంటికొచ్చినట్టు అనిపించింది.

బాపు వరంగల్‌లో ఒక దవాఖానలో వార్డులు కడిగేవాడు. ఇంట్లోనూ ఒక సీసా ఫినాయిలు ఉండేది. నల్లటి ఆ ద్రవం నీళ్లలో పడగానే పాలలా తెల్లబడేది. దాంతో రోగాల పురుగులన్నీ చస్తాయని ఆయన చెబితే, అంత గొప్ప మందు డాక్టరు దగ్గర కూడా ఉండదనుకున్నాను.

నేను రెండో తరగతిలో ఉండగా చెల్లెలు సరోజ పడి మోకాలు చీరుకుంది. అమ్మ నీళ్లకు నల్లా దగ్గరికి పోయింది. నేను గుడ్డను ఫినాయిలులో ముంచి గాయం మీద అద్దాను. సరోజ పెట్టిన కేకకు, అప్పుడే సైకిలు దిగుతున్న బాపు పరుగెత్తుకొచ్చాడు. గాయం మీద కడవెడు నీళ్లు పోసి, ఎర్రమందు రాశాడు. దెబ్బలు తప్పవని నేను తలుపు వెనక నక్కాను.

"ఇట్ల రా బిడ్డా. రెండూ పురుగుల్ని సంపేటియే. కానీ నేలకు పానం లేదు, ఎంత ఘాటుదైనా ఓర్సుకుంటది. తోలుకు పానముంటది. దానికి మెల్లగ పనిజేసే మందు గావాలె."

"మరి నీ చేతులకు?" అన్నాను. వాటి తోలు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది.

బాపు చేతులు వెనక్కి పెట్టుకుని నవ్వాడు. "అవి అలవాటైనయ్ తియ్యి."

నేనూ సరోజా వినలేదు. సీసాలో మిగిలిన ఎర్రమందంతా ఆయన అరచేతులకు పూశాం. దాంతో అవి బాగుపడవని బాపుకు తెలుసు. అయినా చివరి చుక్క దాకా కదలకుండా కూర్చుని, మర్నాడు ఆ ఎర్రటి చేతులతోనే డ్యూటీకి పోయాడు.