షట్టరు ముందు మొదటి మనిషి

ఈ బరువు ఇరవై ఏళ్ళకు పైగా నా దగ్గరే ఉంది. సొట్టపడిన గిన్నెను సొట్ట గోడవైపుకు వచ్చేలా తిప్పి పెట్టడం అంగడి ఇంట్లో పుట్టినవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నేనూ అలాగే పెట్టుకున్నాను. ఈ ఏడే పట్టా చేతికొచ్చి ఉద్యోగం వెతుక్కుంటున్న నీకు ఇవాళ దాన్ని ఇటు తిప్పి చూపిస్తున్నాను. కొనమని అడగను. జాలిపడమనీ అడగను.

మా తమిళ ఊళ్ళో ఒక కాలేజీ వాళ్ళు ఏటా చివరి సంవత్సరం పిల్లలకు ధైర్యం చెప్పమని నన్ను పిలుస్తారు. మేట్టుపాళయంలో పెయింట్ల గోడౌన్ నడిపే మేనేజరమ్మను కదా, శాలువా కప్పుతారు. మైకు పట్టుకుని నేను చెప్పేది ఒకే కథ. సిఫారసు లేదు, గొప్ప మార్కులు లేవు, ఒక్కదాన్నే వెళ్ళి యజమాని ఎదుట నిలబడ్డాను, నా మీద నాకున్న నమ్మకమే ఉద్యోగం తెచ్చిపెట్టింది, మీకూ తెస్తుంది. చప్పట్లు బాగానే పడతాయి. ఆ కథలో ఒక మనిషి ఉండాలి. లేదు.

ఆ మనిషి జయంతి. మా వీధే. వాళ్ళ నాన్న మిల్లు కార్మికుడు, మా నాయనది పాత్రల అంగడి. ఇద్దరం ఒకే ఏడు బీకాం ముగించాం. మార్కులు ఆమెవే ఎక్కువ. టౌనులో ఒక పెయింట్ల వ్యాపారికి లెక్కలు చూసే మనిషి కావాలని మొదట తెలిసింది కూడా ఆమెకే. ఉన్నది ఒక్క ఉద్యోగం. అయినా దాచుకోకుండా నాకు చెప్పింది. మర్నాడు ఎప్పుడైనా వచ్చి కలవమన్నాడట.

ఆ వ్యాపారిని నేను మా అంగడిలో చూసేదాన్ని. బోణీ పట్టింపు గట్టిగా ఉన్న మనిషి. పొద్దున షట్టరు ఎత్తి, కర్పూరం చూపించాక గడప తొక్కిన మొదటి మనిషిని ఉత్త చేతులతో పంపితే ఆ రోజంతా బేరాలు పాడవుతాయని మా బజారు నమ్మకం. నష్టానికైనా ఇచ్చి పంపుతారు. నెల జీతం మీద నడిచే ఇంట్లో పెరిగిన జయంతికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

ఆ సాయంత్రం మా అంగడి మెట్ల మీద కూర్చుని అడిగింది.

"ఎన్నింటికి పోతే బాగుంటాది? నువ్వు అంగడి మనిషివి, నీకు తెలుస్తాది."

"పొద్దున్నే పోతే కసురుకుంటాడే. పూజ, లోడు దింపేది, ఆ గలాటాలో నీ మార్కులు యాడ చూస్తాడు? పదకొండుకు పో."

"మరి నువ్వు?"

"నీ తరవాత పోతాలే."

"సరి. నాకొస్తే నీకు ఐస్‌క్రీం. నీకొస్తే నాకేందే? పిసినారిదానివి, నువ్వేం ఇస్తావులే."

నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన షట్టరు ఎత్తక ముందే నేనక్కడ ఉన్నాను. హారతి పళ్ళెం కింద పెట్టీ పెట్టగానే గడప తొక్కాను. ఆయన నా సర్టిఫికెట్లు చూడలేదు. నన్ను చూశాడు. చిక్కుకుపోయాడని ఆ చూపులోనే తెలిసింది. బోణీకి వచ్చాను, కాదనకండి అని నవ్వుతూ నేనే అన్నాను. సిగ్గులేని బేరం. దేవుడి పటం వైపు ఒకసారి చూసి, రేపటి నుంచి రమ్మన్నాడు.

జయంతి పదకొండుకు వెళ్ళింది. బోణీకి మనిషిని పెట్టుకున్నానని చెప్పుకోలేక కాబోలు, ఆయన మర్యాదకు రెండు ప్రశ్నలడిగి, సరిపడదమ్మా అని పంపేశాడు. సాయంత్రం నన్ను అడిగింది. నీ తరవాతే పోయాను, ఇచ్చాడు అన్నాను. నమ్మింది. తన జవాబుల్లోనే లోపముందనుకుంది. తన మాట, తన ఇంగ్లీషు, ఆఖరికి తన ముఖం కూడా ఆఫీసుకు పనికిరావని తేల్చుకుంది. మళ్ళీ ఏ ఇంటర్వ్యూకూ పోలేదు. పెళ్ళయి ఇదే ఊళ్ళో మురుంగపాక్కంలో ఉంటోంది, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నావీ ఆమే కుడుతుంది.

పశ్చాత్తాపమా అంటావా? పూర్తిగా కాదు. ఆ ఉద్యోగం నాకు కావాలి. బీకాం చదివినదాన్ని గిన్నెలు తుడుస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు. బోణీ మీద దక్కింది మొదటి రోజు ఒక్కటే, ఆ తరవాత ఇన్నేళ్ళు నిలబడ్డది నా పనితో. దానికి ఎవరి ముందూ తల వంచను. ఆ పొద్దు మళ్ళీ వస్తే మళ్ళీ షట్టరు ముందు నేనే ఉంటాను. కానీ ముందు నిలబడటం వేరు, ఆమెను పదకొండుకు పొమ్మనడం వేరు. నీ తరవాతే పోయానని చెప్పడం ఇంకా వేరు. ఉద్యోగం ఒక్కటీ తీసుకుని ఊరుకోలేకపోయానా? ఆమె మీద ఆమెకున్న నమ్మకం నాకెందుకు? తెచ్చుకుని ఏం చేసుకున్నాను? నాదేనని చెప్పి ఏటా మైకులో పంచిపెడుతున్నాను.

పోయిన వారం జయంతి తన కూతురు పవిత్రను మా ఇంటికి తీసుకొచ్చింది. ఆ పిల్లకు మొదటి ఇంటర్వ్యూ. నేను పిరికిదాన్ని, అత్తను అడుగు, ఆమె గట్టిది అని నా ముందే కూతురికి చెప్పింది.

"ఎన్నింటికి పోవాల అత్తా?" అంది పవిత్ర.

అదే ప్రశ్న. అందరికంటే ముందే పో అన్నాను, గొంతు నాకే పెద్దగా వినబడింది. ఆ పిల్ల నవ్వేసింది. టైము వాళ్ళే మెయిల్లో పెట్టారట, అమ్మ అడగమంటే అడిగిందట. ఇన్నేళ్ళు దాచుకున్న సరైన జవాబు ఎవరికీ అక్కర్లేని సరుకైంది. అసలు సంగతి అప్పుడైనా చెప్పొచ్చు. కాఫీ పెడతానని లేచాను.

ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఎందుకు తెలుగులోనో చెప్పనా? అంగడి పని కోసం నాయన నాకు తెలుగు రాత నేర్పాడు. జయంతి ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బళ్ళో చదివింది తమిళం, తెలుగు చదవడం రాదు. పవిత్రకూ రాదు. ఇదీ బేరమే. ఒప్పుకున్నట్టూ ఉండాలి, దొరకకుండానూ ఉండాలి. దీన్నీ ఒప్పుకుంటున్నాను.

నీకు మాత్రం చదవడం వచ్చు. రేపు నిన్నెవరైనా సరిపడవని పంపేస్తే, ముందు నీలో లోపం వెతుక్కోకు. నువ్వు గడప తొక్కక ముందే ఆ కుర్చీ నిండి ఉండొచ్చు. ఇంకో చోటికి పో, ఆ తరవాత ఇంకో చోటికి. ఈ మాట నేను ఆ సాయంత్రమే జయంతికి చెప్పి ఉండాలి. ఆమెకు ఇవ్వాల్సింది నీకిచ్చి బాకీ తీరిందంటే మా బజారులో ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. గిన్నె మాత్రం ఇటు తిరిగింది. సొట్ట ఇదుగో, ఇక్కడ.