మసి పూసిన పాపిరస్

నేను రిటైర్ కావడానికి ముందు ఏడాది, మార్చిలో, సింగపూర్‌లోని ఒక ప్రైవేటు మ్యూజియం ప్రదర్శనకు నన్ను సీనియర్ సంరక్షకుడిగా నియమించారు. సంరక్షకుడంటే పాత రాతలకు వైద్యుడు. రోగిని చూసే హక్కు ఉంటుంది గానీ, రోగి బంధువులను బయటికి పంపే హక్కు ఉండదు.

ప్రదర్శనలో ముఖ్య ఆకర్షణ ఒక పాపిరస్ ముక్క. ఈజిప్టులో నీటిమొక్క కాడలను చీల్చి, అడ్డంగా నిలువుగా పేర్చి చేసిన కాగితం అది. దాని మీద గ్రీకు అక్షరాలు, అప్పటికి ఎవరూ చదవనివి. దాని యజమాని శేషగిరి గారు చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు ఐటీ విభాగానికి పెద్ద. ముందు ఫొటో తీద్దామని నేనంటే, సోమవారం చూద్దామన్నారు మ్యూజియం డైరెక్టర్ గారు. శుక్రవారం శేషగిరి గారు దాన్ని బిషాన్‌లోని తమ ఫ్లాట్‌కు పట్టుకుపోయారు. ముక్కను మ్యూజియానికి అరువిచ్చే ఒప్పందం మీద ఇంకా సంతకాలు కాలేదు. డైరెక్టర్ గారే తలుపు తీసి పట్టుకున్నారు.

సోమవారం అది నల్లగా నిగనిగలాడుతూ తిరిగొచ్చింది.

"టెన్షన్ పడకండి అంకుల్. మా తాతగారి తాళపత్రాలకి ఎవ్రీ ఇయర్ ఇదే చేసేవాళ్లు. నిమ్మగడ్డి నూనెలో మసి కలిపి రుద్దితే లెటర్స్ బ్రైట్‌గా వస్తాయి," అన్నారు శేషగిరి గారు. ఇంకోసారి రుద్దాలేమో అని కూడా అన్నారు.

తాళపత్రం మీద అక్షరాన్ని గంటంతో గీస్తారు. ఆ గాట్లలో మసి నిలుస్తుంది, పైది తుడిస్తే పోతుంది. పాపిరస్ మీద గాట్లుండవు. సిరా పైపైనే ఉంటుంది, ఆ సిరా కూడా మసితో చేసిందే. మసి మీద మసి పూస్తే పరారుణ కెమెరా కూడా తేడా చెప్పలేదు. అది రాసిన మనిషి ఎవరికి ఏం చెప్పుకున్నాడో ఇక ఎవరికీ తెలియదు. నాకు ఒళ్లు మండిపోయింది.

అయినా ఆయన్నొక్కరినే అనడం అన్యాయం. మా వృత్తి పుట్టిందే ఇలా. ఇటలీలో అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాపిరస్ చుట్టలు తొలిసారి బయటపడినప్పుడు బొగ్గనుకుని పారేశారు. గ్రంథాలని తెలిశాక కత్తులతో కోశారు, పాదరసం పోశారు. పోసినవాళ్లు గొప్ప పండితులు.

డైరెక్టర్ గారికి ఈ చరిత్ర బాగా పనికొచ్చింది. ముక్క పక్కన "అగ్నిపర్వతపు మంటల్లో మాడినది" అని చీటీ పెట్టించారు. నేను ఒప్పుకోనన్నాను. మీ ఒప్పుదల ఎవరడిగారన్నారు.

ప్రారంభోత్సవం నాడు అతిథులు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. శేషగిరి గారి భార్య చీటీ చదివి, అందరికీ వినబడేలా, "అగ్నిపర్వతమేంటండీ, మా ఇంట్లో దీపం మసేగా. కిచెన్ గట్టు ఇంకా జిడ్డు వదల్లేదు," అన్నారు.

చీటీ మాత్రం ప్రదర్శన ముగిసేదాకా మారలేదు.

నేను నేర్చుకున్నది ఇది. వస్తువు గడప దాటి లోపలికి రాగానే ఫొటో తీయాలి. తేమ, వెలుతురు, పురుగుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. అవి యజమాని అంత తొందరపడవు.